సమానతకు కొలమానం: గోల్ఫ్‌లో వేర్వేరు టీల నుంచి ఆడేవారి హ్యాండిక్యాప్ సవరణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

గోల్ఫ్ క్రీడలో నైపుణ్యం ఎక్కువ ఉన్నవారు, తక్కువ ఉన్నవారు ఒకే పోటీలో తలపడటానికి వీలు కల్పించే లెక్కను ‘హ్యాండిక్యాప్’ అంటారు. పోటీదారులు వేర్వేరు స్థానాల నుంచి ఆట ప్రారంభించినప్పుడు ఈ లెక్కకు మరొక సవరణ అవసరమవుతుంది. పదిహేడవ శతాబ్దపు స్కాట్లండ్ పందేల నుంచి 2020లో అమలులోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం వరకు ఆ సవరణ ఏ దశల గుండా రూపొందిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హ్యాండిక్యాప్ మనిషిని మాత్రమే కొలిచే సంఖ్య కాదని, మనిషికీ మైదానానికీ గల సంబంధాన్ని కొలిచే సంఖ్య అని, ఈ అవగాహన కుదిరిన తర్వాతనే స్త్రీలు, వృద్ధులు తక్కినవారితో సమస్థాయిలో పోటీపడగలిగారని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: గోల్ఫ్, హ్యాండిక్యాప్, టీ, పార్, కోర్స్ రేటింగ్, స్లోప్ రేటింగ్, క్రీడాచరిత్ర.

ఉపోద్ఘాతం

తెలుగునాట పిల్లల ఆటల్లో ‘ఆటలో అరటిపండు’ అనే మాట వాడుకలో ఉంది. వయస్సులో చిన్నవాణ్ని ఆటలోకి రానిస్తారు గాని, వాడి గెలుపోటములను లెక్కలోకి తీసుకోరు. వాడు ఆడినట్లే ఉంటుంది, ఆడనట్లూ ఉంటుంది. బలహీనుడి పట్ల ఇది ఒక విధమైన దయ. అయితే ఆ దయలో సమానత లేదు. బలహీనుణ్ని కూడా లెక్కలోకి వచ్చే ఆటగాడిగా నిలపాలంటే దయ చాలదు, కొలత కావాలి. అటువంటి కొలతను నిర్మించడానికి దీర్ఘకాలం శ్రమించిన క్రీడల్లో గోల్ఫ్ ఒకటి.

గోల్ఫ్ మైదానంలో సాధారణంగా పద్దెనిమిది హోల్స్ ఉంటాయి. ఒక్కొక్క హోల్‌కు బంతిని మొదటిసారి కొట్టే స్థలాన్ని ‘టీ’ అంటారు. ఒకే హోల్‌కు గమ్యానికి దూరంగా ఒకటి, దగ్గరగా ఒకటి, నడుమ మరికొన్ని టీలు ఉండటం నేటి పద్ధతి. బంతిని ఎన్ని దెబ్బల్లో గమ్యం చేర్చారన్నది స్కోరు. దెబ్బలు ఎంత తగ్గితే ఆట అంత మేలు. ఆటగాడి సాధారణ నైపుణ్యాన్ని అనుసరించి, అతని స్కోరు నుంచి తీసివేసే దెబ్బల సంఖ్యే హ్యాండిక్యాప్. ఒకే టీ నుంచి ఆడే ఇద్దరి మధ్య ఈ తీసివేత సులభం. ఒకరు వెనుక టీ నుంచి, మరొకరు ముందు టీ నుంచి ఆడినప్పుడు మాత్రం చిక్కు మొదలవుతుంది. అప్పుడు వారు ఆడుతున్నది పేరుకు ఒకే మైదానమైనా, నిజానికి రెండు వేర్వేరు మైదానాలు.

పదం పుట్టుక – పందెం నుంచి కొలత వైపు

‘హ్యాండిక్యాప్’ అనే పదం గోల్ఫ్‌లో పుట్టినది కాదు. ‘టోపీలో చేయి’ అనే అర్థం గల ఇంగ్లీషు మాటల నుంచి అది ఏర్పడింది. పూర్వం ఇంగ్లండులో ఇద్దరు వ్యక్తులు తమ వస్తువులను మార్చుకోదలచినప్పుడు, ఆ వస్తువుల విలువల మధ్య తేడా ఎంతో ఒక మధ్యవర్తి నిర్ణయించేవాడు. వస్తుమార్పిడికి ఒప్పుకొన్నదీ లేనిదీ ఇరువురూ టోపీలో పెట్టిన చేతిని బయటికి తీసే తీరును బట్టి తెలిసేది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఈ మాట గుర్రప్పందేలకు వ్యాపించింది. వేగవంతమైన గుర్రంపై అదనపు బరువు మోపి పందేన్ని సమం చేసే పద్ధతికి అదే పేరు స్థిరపడింది. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో అది గోల్ఫ్‌లో ప్రవేశించింది. తేడాను పోటీదారులు కాక మూడవ వ్యక్తి నిర్ణయించడం అన్న ఆదిమ లక్షణం ఈ పదం చరిత్రలో ఎక్కడా తొలగిపోలేదన్నది గమనార్హం.

పదం రాకముందే భావన ఉంది. ఎడింబరోలో వైద్యవిద్యార్థిగా ఉన్న థామస్ కిన్‌కెయిడ్ 1687 నాటి తన దినచర్యలో గోల్ఫ్ గురించి రాసుకొన్నాడు. బలహీనుడికి మినహాయింపు ఇచ్చి ఆటను సమం చేయడం మేలా, ఆటను ఉన్నదున్నట్లు ఉంచి పందెపు సొమ్మును హెచ్చుతగ్గులు చేయడం మేలా అన్న ప్రశ్న అతణ్ని ఆలోచింపజేసింది. ఆ తరువాతి కాలంలో స్కాట్లండ్ ఆటగాళ్లు మొదటి మార్గాన్నే ఎక్కువగా అనుసరించారు. రెండు హోల్స్‌కు ఒక దెబ్బ చొప్పున ఇచ్చే మినహాయింపును ‘సగం’ అని, మూడు హోల్స్‌కు ఒకటి చొప్పున ఇచ్చేదానిని ‘మూడవ వంతు’ అని పిలిచేవారు. ఇవన్నీ ఆటకు ముందు ఇరుపక్షాలూ బేరమాడుకొని కుదుర్చుకొన్న ఒప్పందాలు. ఒకరి ఆట ఒకరికి తెలిసినంతవరకే అవి పనిచేసేవి.

ఆనాటికి టీల సమస్య లేదు. ఎడింబరోకు చెందిన గోల్ఫ్ క్రీడాకారులు 1744లో లీత్ మైదానంలో పోటీ కోసం రూపొందించిన పదమూడు నియమాల్లో మొట్టమొదటిదే టీకి సంబంధించినది. అంతకుముందు ముగిసిన హోల్‌కు ఒక కర్ర పొడవు దూరంలోపే తరువాతి హోల్‌కు బంతిని నిలపాలని ఆ నియమం శాసించింది. అందరూ ఒకే చోటి నుంచి ఆడారు కాబట్టి మైదానం అందరికీ ఒకటే. మారేది మనిషి మాత్రమే. పందొమ్మిదవ శతాబ్దంలో ప్రత్యేకమైన టీ స్థలాలు ఏర్పడి, తరువాత ఒకే హోల్‌కు పలు టీలు వచ్చాక ఈ సమీకరణం మారిపోయింది.

మైదానానికి ఒక ప్రమాణం

మనిషి ఆటను మైదానంతో పోల్చాలంటే మైదానానికి ఒక ప్రమాణ స్కోరు ఉండాలి. 1870లో ప్రెస్ట్‌విక్‌లో జరిగిన ఓపెన్ పోటీకి ముందు పత్రికా రచయిత ఎ.హెచ్. డోల్మన్ ఇద్దరు వృత్తి క్రీడాకారులను అక్కడి పన్నెండు హోల్స్‌కు దోషరహితమైన స్కోరు ఎంత అని అడిగాడు. వారు 49 అన్నారు. డోల్మన్ దానిని ‘పార్’ అని వ్యవహరించాడు. మూడు విడతలు ఆడిన ఆ పోటీలో యంగ్ టామ్ మోరిస్ 149 దెబ్బలతో, అంటే పార్ కంటె రెండు మాత్రమే ఎక్కువగా, విజేత అయ్యాడు. మనిషితో మనిషిని కాక, మైదానంతో మనిషిని పోల్చే దృష్టికి ఇది ఆరంభం. 1890 ప్రాంతంలో ఇంగ్లండులో ‘బోగీ’ అనే పేరుతో ఇటువంటి మరొక ప్రమాణం ప్రచారంలోకి వచ్చింది.

ఈ దృష్టిని ఒక జాతీయ వ్యవస్థగా మలచిన ఘనత మహిళలది. ఆ కాలంలో మహిళల గోల్ఫ్‌ను చాలామంది పురుషులు చిన్నచూపు చూశారు. 1867లో ఏర్పడిన సెయింట్ ఆండ్రూస్ మహిళా క్లబ్ సభ్యులు ఆడినది ప్రధానంగా పచ్చికపై బంతిని దొర్లించే ఆట. కర్రను భుజం పైకెత్తడం స్త్రీలకు తగదన్న అభిప్రాయంతో, వారి దెబ్బ డెబ్భై ఎనభై గజాలకు మించకుండా ఉంటే మేలని లార్డ్ వెల్‌వుడ్ 1890లో ప్రచురితమైన ఒక గ్రంథంలో రాశాడు. మూడేళ్లకే, 1893లో, లేడీస్ గోల్ఫ్ యూనియన్ స్థాపితమైంది. దాని గౌరవ కార్యదర్శి ఇసెట్ పియర్సన్ సభ్య క్లబ్బుల మైదానాలన్నింటికీ ప్రమాణ స్కోర్లు నిర్ణయింపజేసి, ఒక క్లబ్బులో సంపాదించిన హ్యాండిక్యాప్ మరొక క్లబ్బులోనూ చెల్లుబాటయ్యే పద్ధతిని నెలకొల్పింది. బ్రిటన్ పురుషుల క్లబ్బులు అప్పటికింకా ఎవరి లెక్క వారిదిగా నడుస్తున్నాయి. మైదానాలకు ‘ప్రమాణ స్క్రాచ్ స్కోరు’ నిర్ణయించే ఉమ్మడి పద్ధతి వారికి 1920ల నడిమి భాగంలో గాని రాలేదు. దెబ్బ పొడవు ఎంత ఉండాలో ఇతరులచేత చెప్పించుకొన్న వర్గమే కొలతలో అందరికంటె ముందుండటం ఈ చరిత్రలోని విశేషం.

స్త్రీ పురుషుల మధ్య మినహాయింపు ఎంత ఉండాలన్న ప్రశ్న 1910లో ప్రజల దృష్టిని ఆకర్షించింది. రెండుసార్లు ఓపెన్ గెలిచిన హెరాల్డ్ హిల్టన్‌తో పందొమ్మిదేళ్ల సెసిల్ లీచ్ వాల్టన్ హీత్, సన్నింగ్‌డేల్ మైదానాల్లో 72 హోల్స్ పోటీ ఆడింది. హిల్టన్ ఆమెకు ‘సగం’ మినహాయింపు ఇచ్చాడు. ఒక దశలో పదిహేను హోల్స్ మిగిలి ఉండగా ఐదు హోల్స్ వెనుకబడిన లీచ్, చివరికి ఒక హోల్ మిగిలి ఉండగానే రెండు హోల్స్ ఆధిక్యంతో గెలిచింది. ఆ విజయం ఎంత ఘనమైనదైనా, అందులోని మినహాయింపు పాతకాలపు బేరమే. రెండు హోల్స్‌కు ఒక దెబ్బ ఎందుకు, ఎక్కువో తక్కువో ఎందుకు కాకూడదు అన్న ప్రశ్నకు సమాధానమిచ్చే కొలత అప్పటికి లేదు.

ఒక ప్రమాణం చాలకపోవడం

అమెరికాలో లీటన్ కాల్కిన్స్ 1905లో ప్రచురించిన పద్ధతి, ఆటగాడి మేలైన మూడు స్కోర్ల సగటును ఆధారం చేసుకొంది. అమెరికా గోల్ఫ్ సంఘం 1911లో జాతీయ హ్యాండిక్యాప్ విధానాన్ని స్వీకరించింది. ఒక్కొక్క మైదానంలో నాటి మేటి ఔత్సాహిక క్రీడాకారుడు జెరోమ్ ట్రావర్స్ ఎంత స్కోరు చేయగలడన్న అంచనా ఆనాటి ప్రమాణానికి ఆధారం. క్రమంగా పార్ స్థానంలో ‘కోర్స్ రేటింగ్’ వచ్చింది. హ్యాండిక్యాప్ సున్నాగా గల ‘స్క్రాచ్’ ఆటగాడు ఒక టీ నుంచి చేయగల స్కోరును దశాంశ స్థానం వరకు చెప్పే సంఖ్య ఇది. పార్ పూర్ణసంఖ్య కాబట్టి, మూడు నాలుగు వందల గజాల తేడా ఉన్న రెండు టీలకు కూడా పార్ 72గానే ఉండవచ్చు. కోర్స్ రేటింగ్ ఆ తేడాను దాచదు.

పొడవు మాత్రమే లెక్కలోకి తీసుకొన్న అమెరికా సూత్రాలను గమనిస్తే విషయం స్పష్టమవుతుంది. పురుష స్క్రాచ్ ఆటగాడికి మైదానపు గజాలను 220తో భాగించి 40.9 కలపాలి. స్త్రీకి 180తో భాగించి 40.1 కలపాలి. ఈ లెక్కన 6,000 గజాల టీకి పురుష రేటింగ్ 68.2, స్త్రీ రేటింగ్ 73.4 అవుతాయి. ఒకే టీ నుంచి ఆడుతున్నా ఇద్దరు మేటి క్రీడాకారుల మధ్య ఐదు దెబ్బలకు పైగా అంతరం ఉంది. అందువల్ల స్త్రీకి లభించే అదనపు దెబ్బలు మర్యాదకోసం ఇచ్చినవి కావు. అదే నేల ఆమెకు అంత ఎక్కువ పొడవు అన్న వాస్తవానికి అవి అంకెల రూపం.

సగటు ఆటగాడి సంగతి మరొకటి. దాదాపు ఇరవై హ్యాండిక్యాప్ గల పురుషుణ్ని ‘బోగీ ఆటగాడు’ అంటారు. అతని సూత్రంలో గజాలను 160తో భాగిస్తారు. టీని 660 గజాలు వెనక్కు జరిపితే స్క్రాచ్ ఆటగాడికి మూడు దెబ్బలు పెరుగుతాయి. బోగీ ఆటగాడికి నాలుగుకు మించి పెరుగుతాయి. స్త్రీలలో ఈ తేడా ఇంకా ఎక్కువ. అంటే మైదానం కష్టమయ్యేకొద్దీ బలహీనుడు బలవంతుడికంటె వేగంగా నష్టపోతాడు. ఒక్క కోర్స్ రేటింగ్‌తో ఈ నష్టాన్ని పూడ్చడం సాధ్యం కాదు.

స్లోప్ ఆవిర్భావం

ఈ లోపాన్ని సరిదిద్దే మార్గాన్ని అమెరికా నౌకాదళ అధికారి డీన్ నుత్ సూచించాడు. నౌకాదళ స్నాతకోత్తర విద్యాలయంలో చదువుతున్నప్పుడు, 1970ల చివరి భాగంలో, మైదానంలోని అడ్డంకులకు విలువ కట్టి స్క్రాచ్ ఆటగాడితో పాటు బోగీ ఆటగాడికి కూడా వేరుగా రేటింగ్ ఇవ్వాలని ప్రతిపాదించాడు. ఈ పద్ధతిని 1980ల ఆరంభంలో కొలరాడో రాష్ట్రంలో పరీక్షించారు. 1987 నాటికి అమెరికా గోల్ఫ్ సంఘం దీనిని దేశవ్యాప్తం చేయసాగింది.

బోగీ రేటింగ్ నుంచి కోర్స్ రేటింగ్‌ను తీసివేసి, పురుషులకైతే 5.381తో, స్త్రీలకైతే 4.24తో గుణిస్తే వచ్చేది స్లోప్ రేటింగ్. దాని కనిష్ఠం 55, గరిష్ఠం 155. సాధారణ కాఠిన్యం గల మైదానానికి 113. ఆటగాడి సూచికను స్లోప్‌తో గుణించి 113తో భాగిస్తే, ఆ టీ నుంచి అతనికి రావలసిన దెబ్బలు తెలుస్తాయి. దీనితో హ్యాండిక్యాప్ ఒకే సంఖ్యగా ఉండిపోక, అడుగుపెట్టిన ప్రతి టీకీ మారే సంఖ్య అయింది.

వేర్వేరు టీల సవరణ

స్లోప్ వచ్చాక కూడా ఒక చిక్కు మిగిలింది. స్లోప్ బలహీనుడికీ బలవంతుడికీ మధ్య అంతరం ఆ టీలో ఎంత పెరుగుతుందో చెబుతుంది. రెండు టీల మధ్య స్క్రాచ్ ఆటగాడికే ఉన్న అంతరాన్ని మాత్రం చెప్పదు. ఆ అంతరం ఉన్నది కోర్స్ రేటింగ్‌లో. కనుక, పోటీదారులు వేర్వేరు టీల నుంచి ఆడినప్పుడు రెండు కోర్స్ రేటింగుల తేడాను సమీప పూర్ణసంఖ్యకు సవరించి, ఎక్కువ రేటింగ్ గల టీ నుంచి ఆడేవారికి అదనంగా ఇవ్వాలని అమెరికా నియమావళి విధించింది. స్త్రీ పురుషులు ఒకే టీ నుంచి ఆడినా ఇదే నియమం వర్తించింది.

ఒక ఊహాత్మక ఉదాహరణతో దీనిని పరిశీలించవచ్చు. ఇద్దరు పురుషుల సూచిక 12.0 అనుకొందాం. మొదటివాడు వెనుక టీ నుంచి ఆడతాడు. దాని కోర్స్ రేటింగ్ 73.1, స్లోప్ 132. రెండవవాడు ముందు టీ నుంచి ఆడతాడు. దాని కోర్స్ రేటింగ్ 69.4, స్లోప్ 121. రెండింటికీ పార్ 72. స్లోప్ లెక్క ప్రకారం మొదటివాడికి 14, రెండవవాడికి 13 దెబ్బలు. ఆట ముగిసేసరికి మొదటివాడు 88, రెండవవాడు 84 దెబ్బలు కొట్టారు.

స్లోప్ లెక్కతోనే ఆగిపోతే నికర స్కోర్లు 74, 71. రెండవవాడు మూడు దెబ్బల తేడాతో విజేత. అయితే కోర్స్ రేటింగుల తేడా 3.7, అంటే నాలుగు దెబ్బలు. వాటిని మొదటివాడికి చేరిస్తే అతని హ్యాండిక్యాప్ 18, నికర స్కోరు 70. అప్పుడు మొదటివాడే ఒక దెబ్బ తేడాతో గెలుస్తాడు. స్కోరు నుంచి కోర్స్ రేటింగ్ తీసివేసి, 113తో గుణించి, స్లోప్‌తో భాగిస్తే ఆనాటి ఆట అసలు విలువ తెలుస్తుంది. మొదటివాడికి అది 12.8, రెండవవాడికి 13.6. ఇక్కడ సంఖ్య తక్కువైతే ఆట మేలు. పైకి పెద్దదిగా కనిపించే 88, నిజానికి 84 కంటె మెరుగైన ఆట. సవరణను విస్మరించిన నిర్వాహకులు తమకు తెలియకుండానే బహుమతిని తారుమారు చేసినట్లవుతుంది.

ఈ సవరణ ఎవరి పక్షమూ కాదు. పై ఉదాహరణలో లాభపడినవాడు వెనుక టీ నుంచి ఆడినవాడు. స్త్రీ పురుషులు ఒకే టీ నుంచి ఆడితే లాభపడేది స్త్రీ. వయస్సు పైబడి ముందు టీకి జరిగిన వ్యక్తి తన తేలికపాటి మైదానానికి తగినట్లు కొన్ని దెబ్బలు వదులుకొంటాడు. అయితే పోటీలో తన స్థానాన్ని మాత్రం వదులుకోడు.

ప్రపంచ విధానంలో సవరణ అంతర్భాగం కావడం

అమెరికా గోల్ఫ్ సంఘం, ఆర్ అండ్ ఎ సంస్థ కలిసి అప్పటివరకు వివిధ దేశాల్లో అమలులో ఉన్న ఆరు విధానాలను ఏకం చేశాయి. ఆ ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం 2020లో ప్రారంభమైంది. ఇటీవలి ఇరవై ఆటల్లో మేలైన ఎనిమిదింటి సగటు ఇందులో సూచికకు ఆధారం. స్త్రీ పురుషులకు గరిష్ఠ సూచిక ఒకటే, 54.0. స్లోప్ లెక్కకు కోర్స్ రేటింగ్, పార్‌ల తేడాను కలపడం ఇందులోని ముఖ్యమైన మార్పు.

పై ఉదాహరణకు ఈ సూత్రాన్ని వర్తింపజేస్తే, వెనుక టీ నుంచి ఆడినవాడికి 14.02కు 1.1 కలిసి 15 దెబ్బలు, ముందు టీ నుంచి ఆడినవాడికి 12.85 నుంచి 2.6 తగ్గి 10 దెబ్బలు వస్తాయి. తేడా ఐదు. పాత సవరణ ప్రకారం 18, 13. అక్కడా తేడా ఐదే. ఫలితం మారలేదు గాని పద్ధతి మారింది. పూర్వం ఎవరో గుర్తుంచుకొని విడిగా చేర్చవలసిన దెబ్బలు ఇప్పుడు సూత్రంలోనే ఇమిడిపోయాయి. రెండు టీలకు పార్ వేర్వేరుగా ఉన్నప్పుడు మాత్రమే ఆ పార్‌ల తేడాను దెబ్బలు లెక్కించే పోటీలో విడిగా సవరించాలి. బ్రిటన్, ఐర్లండ్‌లు మొదట ఈ కలపడాన్ని స్వీకరించక, విడి సవరణనే కొనసాగించి, 2024 ఏప్రిల్ నుంచి దీనిని అనుసరించాయి.

1829లో కలకత్తాలో గోల్ఫ్ క్లబ్ ఏర్పడిన నాటి నుంచి ఈ ఆటతో పరిచయమున్న భారతదేశంలోనూ నేడు ఇదే విధానం వాడుకలో ఉంది. హైదరాబాదులో గోల్కొండ కోట పక్కన ఆడే క్రీడాకారుడైనా, స్కాట్లండ్‌లో ఆడేవాడైనా ఒకే భాషలో తమ ఆటను పోల్చుకోగలగడం దీని ఫలితం.

ముగింపు

వేర్వేరు టీల సవరణ చూడటానికి చిన్న కూడికల లెక్క. దాని వెనుక మూడు శతాబ్దాలకు పైబడిన ఆలోచన ఉంది. ఇరువురి బేరంగా మొదలైన మినహాయింపు, మైదానానికి ప్రమాణం ఏర్పడటంతో కొలతగా మారింది. ఒకే ప్రమాణం బలహీనుణ్ని సరిగా కొలవలేదని గుర్తించడంతో స్లోప్ పుట్టింది. రెండు టీలు రెండు మైదానాలేనని అంగీకరించడంతో సవరణ నియమమైంది. చివరికి సూత్రంలో లీనమైంది.

నేటికీ క్లబ్బుల్లో ఈ సవరణ పట్ల సణుగుడు వినిపిస్తూనే ఉంటుంది. ముందు టీ నుంచి ఆడేవారికి ఆట సులభమని కొందరు, వెనుక టీ నుంచి ఆడేవారికి ఉచితంగా దెబ్బలు దక్కుతున్నాయని మరికొందరు అంటారు. రెండు ఫిర్యాదులకూ మూలం ఒకటే. హ్యాండిక్యాప్‌ను మనిషికి అంటిపెట్టుకొన్న గుణంగా చూడటం. అది మనిషికీ అతను నిలిచిన నేలకూ మధ్యనున్న సంబంధం అని గ్రహించినప్పుడు, సవరించిన దెబ్బలు ఎవరో ఇచ్చిన దానంగా కాక, ఎవరికి వారు అక్కడ ఎదుర్కొన్న దూరంగా కనిపిస్తాయి. అప్పుడు డెబ్భై ఏళ్ల వృద్ధుడు, అతని కోడలు, ఇరవై ఏళ్ల మనవడు మూడు వేర్వేరు టీల నుంచి ఆడి ఒకే పట్టికలో తమ పేర్లు చూసుకోగలుగుతారు. ఆ ముగ్గురిలో ఎవరూ ఆటలో అరటిపండు కారు.